వెయ్యి దాటాలంట!

మా పిన్ని కొడుకు ఆళ్ళగడ్డలో ఉంటాడు. పోయిన ఎండాకాలం ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అన్నా, రెగ్యులేటర్ నూటపది నుంచి నూటయాభైకి పెంచినా. స్పీడు పెరగాల గదా, తగ్గిందేందన్నా?" అన్నాడు. నేను నిద్రకళ్ళతో "అసలెందుకు పెంచినావ్ రా?" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. నా ప్రశ్నే వాడికి వింతగా తోచినట్టుంది. చివరికి "వెయ్యి దాటాల గదన్నా" అన్నాడు.

ఎవరు పెట్టారండీ ఈ వెయ్యి? ఏ పుస్తకంలో రాసుంది? అడిగితే, వాడి స్నేహితుడి గన్ను 980 కొడుతుందంట, నంద్యాలలో ఇంకెవరిదో 1020 అంట. ఇంటర్ మార్కుల్లాగా తయారైంది వ్యవహారం. మనవాళ్ళ చేతికి ఏ వస్తువిచ్చినా ముందు దానికొక ర్యాంకు వెతుకుతారు. బైకైతే టాప్ స్పీడు, ఫోనైతే మెగాపిక్సెళ్ళు, ఎయిర్ గన్నైతే ఎఫ్‌పీఎస్, అంటే పెల్లెట్ సెకనుకు ఎన్ని అడుగులు పోతుందనేది. ఆ పెల్లెట్ ఎక్కడికి పోతుందో మాత్రం ఎవడూ అడగడు! నా ఒళ్ళు మండేది ఇక్కడే, ఈ టపా అందుకే.

మా చిన్నప్పుడు మహానంది శివరాత్రి తిరునాళ్ళలో బెలూన్లు కొట్టే తుపాకి ఉండేది. మధ్యకు విరిచి, పెల్లెట్ పెట్టి, మళ్ళీ మూసి కాల్చే స్ప్రింగు రకం. దాని గురి ఎడమకు కొట్టేది. అంగడివాడు కావాలనే వంచి పెట్టాడని మా మామ అనేవాడు, నిజమో కాదో నాకు తెలీదు. మొదటి ఐదు దెబ్బలు వృథా అయ్యాక మాకు కిటుకు తెలిసిపోయింది. ఎర్ర బెలూన్ పగలాలంటే దాని కుడిపక్క పచ్చదానికి గురిపెట్టాలి. అంతే, తర్వాత టపటపా పగిలేవి. ఎందుకు పగిలాయి? ఆ తుపాకి తప్పుగా కొట్టినా ప్రతిసారీ ఒకే తప్పు చేసేది కాబట్టి. ఒకసారి ఎడమకు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి కొట్టే తుపాకి అయితే, అది రెండింతల వేగంగా కొట్టినా మాకు ఒక్క బెలూనూ పగిలేది కాదు. గురి గురించి నాకు తెలిసిందంతా దాదాపు అక్కడే తెలిసింది. మిగతావన్నీ దానికి వివరణలే.

మా తమ్ముడి దగ్గరున్నది పీసీపీ. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇందులో స్ప్రింగు కొట్టేదేమీ ఉండదు. ఒక చిన్న సిలిండర్‌లో 200 బార్ దాకా గాలి ముందే కుక్కి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ అనే చిన్న ముద్ద వెళ్ళి వాల్వ్‌ని గుద్దుతుంది, వాల్వ్ రెప్పపాటు తెరుచుకుంటుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. ఇదేదో నిన్నమొన్న వచ్చిన ఆట వస్తువనుకునేరు. ఆస్ట్రియా సైన్యం 1780లోనే జిరార్డోని గాలి తుపాకీని తీసుకుంది. అమెరికాలో లూయిస్, క్లార్క్‌లు 1804లో పడమటికి బయలుదేరినప్పుడు గాలి తుపాకి ఒకటి వెంట తీసుకెళ్ళారు.

ఇందులో ఒక చిక్కుంది. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి వాల్వ్‌ని గట్టిగా నొక్కిపెడుతుంది, హ్యామర్ గుద్దినా అది కొంచెమే తెరుచుకుంటుంది. సగం ఖాళీ అయ్యాక బాగా తెరుచుకుంటుంది. మరీ తగ్గితే తెరుచుకున్నా తోయడానికి గాలి చాలదు. అంటే మొదటి దెబ్బలు మెల్లగా, మధ్యలోవి వేగంగా, చివరివి మళ్ళీ మెల్లగా. ఈ కొండలాంటి గీతను చదును చేయడానికే రెగ్యులేటర్ పెట్టారు. గిన్నె ఆకారపు వాషర్లు కొన్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి బలంతో ఒక చిన్న పిస్టన్‌ని ఆపుతారు. సిలిండర్‌లో 200 ఉన్నా 130 ఉన్నా వాల్వ్ ముందున్న చిన్న గదిలో మాత్రం ఎప్పుడూ, ఉదాహరణకి, 110 బారే ఉంటుంది. ప్రతి దెబ్బకీ అదే ఒత్తిడి, అదే తోపు, అదే వేగం.

కాబట్టి రెగ్యులేటర్ పని వేగం పెంచడం కాదు మహాప్రభో! మా ఇళ్ళలో ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ ఉండేది. కరెంటు 160కి పడినా 260కి ఎగిరినా లోపలికి 220 చుట్టుపక్కల పంపడానికి. ఫ్యాను ఇంకా గిర్రున తిరగాలని ఎవడైనా స్టెబిలైజర్‌ని 280కి తిప్పుతాడా? మావాడు చేసింది అదే.

మరి స్పీడు ఎందుకు తగ్గింది? పైన చెప్పిందే. 150 బార్ పెట్టేసరికి వాల్వ్ మరింత బిగుసుకుంది, పాత హ్యామర్ స్ప్రింగు దాన్ని సరిగ్గా తెరవలేకపోయింది. 860 కొట్టేది 790కి పడిపోయింది. ఇక్కడైనా ఆగాలి కదా. ఆగడు. హ్యామర్ స్ప్రింగు బిగించాడు. 850 వచ్చింది. ఇంకా బిగించాడు. 910. ఇంకా... మర్నాడు పొద్దున నాకు అంకెల ఫోటో పంపాడు, కింద మూడు చప్పట్లతో. 955, 931, 940, 908, 946. సగటు 936, బాగుంది. మొదటి దెబ్బకీ నాలుగో దెబ్బకీ 47 తేడా! దాని గురించి అడిగితే "అది పర్లేదన్నా" అన్నాడు.

పర్లేదా? సరే, లెక్క వేద్దాం. మావాడు వాడేది 8.44 గ్రెయిన్ల పెల్లెట్, అర గ్రాము పైచిలుకు. 30 మీటర్ల దూరంలో అట్ట పెట్టుకున్నాం. 850తో కొడితే అక్కడికి చేరేసరికి పెల్లెట్ దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు కిందికి జారుతుంది. 940తో కొడితే ఆరు పైచిలుకు. అంటే ఇంత హైరానా పడి వాడు సంపాదించింది సెంటీమీటరు, ఇంకాస్త. ఆ సెంటీమీటరుని స్కోప్ మీద నాబ్ నాలుగు క్లిక్కులు తిప్పితే రూపాయి ఖర్చు లేకుండా సర్దుకోవచ్చు, ఎందుకంటే అది ప్రతిసారీ ఉండే తేడా, తిరునాళ్ళ తుపాకిలాగా. కానీ దెబ్బకీ దెబ్బకీ 47 మారితే ఆరేడు మిల్లీమీటర్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. దాన్ని ఏ నాబ్ తిప్పి సర్దుతావు? తేడాని 10కి తెచ్చుకుంటే అదే రెండు మిల్లీమీటర్ల లోపు. మా వృత్తిలోనూ ఇదే గోల. సర్వర్ సగటున 200 మిల్లీసెకన్లలో జవాబిస్తోందని స్లైడు చూపించి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు, నూటికో కోటికో పన్నెండు సెకన్లు తీసుకునే రిక్వెస్టు గురించి అడిగితే నీళ్ళు నములుతారు. ఫోన్ చేసి తిట్టే కస్టమర్ ఎప్పుడూ ఆ పన్నెండు సెకన్లవాడే.

పైగా నడుము సన్నగా, తోక వెడల్పుగా ఉండే ఈ సీసం పెల్లెట్ ధ్వని వేగం దగ్గరికి పోవడానికి పుట్టింది కాదు. మే నెల నంద్యాల ఎండలో ధ్వని వేగం సెకనుకు 355 మీటర్లు, అంటే 1160 అడుగుల పైమాట. దాన్ని దాటక్కర్లేదు, దాని దరిదాపుల్లోకి వెళ్ళేసరికే గాలి పెల్లెట్‌ని అటూ ఇటూ కుదపడం మొదలెడుతుంది. వెయ్యి అంటే సరిగ్గా ఆ రంగంలోకి దూకడమే.

పోనీ గొప్పవాళ్ళు ఏం వాడుతున్నారో చూద్దాం. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో బంగారం కొట్టింది కూడా ఆ పోటీలోనే. ఆ పోటీ రైఫిళ్ళ వేగం ఎంతనుకున్నారు? 570 చుట్టుపక్కల! వెయ్యి కాదు, అందులో సగం పైచిలుకు. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, దానికి ఆ వేగం చాలింది. దూరం తక్కువ కాబట్టి అంటారా? ఫీల్డ్ టార్గెట్ ప్రపంచ పోటీల్లో 50 మీటర్ల దాకా కొడతారు. అక్కడ పరిమితి 12 ఫుట్ పౌండ్లు, అంటే 16 జౌళ్ళ పైచిలుకు. మావాడి పెల్లెట్‌తో అయితే సరిగ్గా 800. ప్రపంచ ఛాంపియన్లకు 800 చాలింది, మన ఆళ్ళగడ్డ ఛాంపియన్‌కి మాత్రం వెయ్యి కావాల.

ఇందులో అమ్మేవాళ్ళ పాపం కూడా ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 1000, 1200, 1300 అని వేస్తారు. ఏ పెల్లెట్‌తో కొలిచారో కనపడదు. చాలాసార్లు అది సీసం కాని తేలిక మిశ్రమలోహపు పెల్లెట్. అయిదు గ్రెయిన్ల గోటీ వెయ్యి కొట్టినా దాని శక్తి 15 జౌళ్ళే. 10.34 గ్రెయిన్ల సీసం పెల్లెట్ 800 కొడితే 20 జౌళ్ళు. ఏది "స్పీడు గన్ను", ఏది "బలమైన గన్ను"? అంకె ఒక్కటి చూసి కొనేవాడికి ఈ తేడా తెలిసే అవకాశమే లేదు, తెలియకూడదనే అలా వేస్తారని నా అనుమానం.

20 జౌళ్ళు అన్నాను కదా, ఆ అంకె ఊరికే అనలేదు. మన దేశంలో 2016 జూలైలో వచ్చిన ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 బోరు గన్ను 20 జౌళ్ళ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. దాటితే అది లైసెన్సు కావాల్సిన ఆయుధం. 8.44 గ్రెయిన్ల పెల్లెట్‌కి ఆ గీత 887 దగ్గరుంది. మావాడు మొదట 860 కొట్టేటప్పుడు దాదాపు 19 జౌళ్ళు, చట్టం లోపలే ఉన్నాడు. 955 కొట్టిన దెబ్బ 23 జౌళ్ళు. అంటే చప్పట్ల బొమ్మలు పెట్టి నాకు పంపిన ఆ ఫోటో లైసెన్సు లేని ఆయుధానికి సాక్ష్యం! కొనేటప్పుడు ఆధార్ ఇచ్చి, రసీదు తీసుకుని, పద్ధతిగా తెచ్చుకున్న వస్తువుని ఇంట్లో మంచం మీద కూర్చుని ఎలెన్ కీ తిప్పి నేరం చేసుకున్నాడు. "ఎవరు కొలుస్తారన్నా" అంటాడు. నువ్వే కొలిచావు కదరా, కొలిచి నాకు పంపావు కదరా!

మా ఊళ్ళవాళ్ళకి ఈ విషయంలో ఒళ్ళు ఇంకొంచెం దగ్గర పెట్టుకోవాల్సిన అవసరం ఉందని నా ఉద్దేశం. హైదరాబాదు ఆఫీసులో మాది నంద్యాల వైపని చెప్పగానే "అయితే బాంబులు, సుమోలూ..." అని నవ్వుతారు. పదిహేనేళ్ళుగా అదే జోకు, నేనూ పదిహేనేళ్ళుగా నవ్వినట్టు నటిస్తున్నాను. సినిమాల సంగతి వదిలేయండి, ఆ రోజుల్లో మొగుణ్ణో కొడుకునో పోగొట్టుకున్న ఆడవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళకి తుపాకి అనే మాట ఎలా వినిపిస్తుందో మావాడి తరానికి తెలీదు. 2022లో నంద్యాల జిల్లా అయింది, రోడ్లు పడ్డాయి, పిల్లలు ఆటల్లో పేరు తెచ్చుకోవాలనుకుంటున్నారు. ఎయిర్ రైఫిల్ అందుకు మంచి దారి. ఆ దారిని నలుగురు కుర్రాళ్ళు స్పీడు పందేలకు పాడు చేస్తే, రేపు ఎవరికైనా తగలరానిచోట తగిలితే, మొత్తానికే తీసి పారేయమంటారు. అనరని మీరు నమ్ముతారా? అరుణాచల్ ప్రదేశ్‌లో పక్షుల్నీ జంతువుల్నీ ఎయిర్ గన్లతో కొట్టీ కొట్టీ అడవులు మూగబోతున్నాయని 2021 మార్చిలో ప్రభుత్వమే గన్లు అప్పగించమని ఉద్యమం పెట్టింది. జనం వేల సంఖ్యలో తెచ్చి ఇచ్చారు. వాళ్ళు చేసింది మంచి పనే అంటాను నేను. కానీ అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు?

ఇక్కడ మావాడి అసలు వాదన బయటికొచ్చింది. "స్పీడు సరదాకి కాదన్నా, పందులకు." వాళ్ళ మామకి రుద్రవరం వైపు నల్లమల అంచున మొక్కజొన్న ఉంది. రాత్రికి రాత్రి అడవిపందులు వచ్చి తొక్కేసి పోతాయి. ఆ బాధ నాకు తెలీదని కాదు, మంచె మీద పడుకుని తెల్లారేదాకా డబ్బా కొట్టినవాళ్ళ మనవణ్ణే నేను. కానీ 23 జౌళ్ళ పెల్లెట్ అడవిపందిని ఏం చేస్తుంది? చంపదు. తోలు కింద దిగి అక్కడ ఉండిపోతుంది. ఆ పంది వారం రోజులు చీము పట్టి ఏ వాగు పక్కనో చస్తుంది, లేదా అదే రాత్రి తిరగబడి చేనికి కాపలా ఉన్న మనిషి తొడ చీలుస్తుంది. 40 జౌళ్ళు చేసినా సంగతి అంతే. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా దాని మీద చెయ్యి వేయకూడదు. జొన్న కంకుల మీద వాలే రామచిలకలకీ చట్టం రక్షణ ఉంది. చిలకల కోసం మా తాతలు వడిసెల తిప్పారు, రాయి తగలాలని కాదు, ఆ చప్పుడుకి లేచిపోవాలని. పందుల సమస్యకు జవాబు ప్రభుత్వం చెప్పాలి. పంట నష్టం డబ్బులు టైముకి ఇవ్వాలి, కంచెలకు సాయం చేయాలి. వాటి కోసం మండలాఫీసు ముందు కూర్చుంటామంటే నేను సెలవు పెట్టి వచ్చి కూర్చుంటా. అది వదిలేసి ఎలెన్ కీ తిప్పితే పందికీ న్యాయం జరగదు, మొక్కజొన్నకీ జరగదు.

"ఎయిర్ గన్నే గదా, గాలే గదా" అనేవాళ్ళకి ఇంకోమాట. సెకనుకు 100 మీటర్లు దాటితే చాలు ఈ పెల్లెట్ మనిషి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. కంటికైతే అంత కూడా అక్కర్లేదు. మావాడి గన్ను చట్టం లోపల ఉన్నప్పుడే 260 కొట్టేది. అలాంటిదాన్ని మిద్దె మీద పెట్టుకుని, వెనక గోడకి బేతంచెర్ల బండ ఆనించి దానిమీద అట్ట అంటించాడు! బండ మీద పడ్డ సీసం ముక్కలై ఎటైనా తిరిగి రావచ్చు. పక్క మిద్దె మీద వడియాలు పెట్టుకునే పెద్దమ్మ ఉంది. నేను వెళ్ళీ వెళ్ళగానే చేసిన మొదటి పని ఆ బండ తీయించి రెండు ఇసుక బస్తాలు పెట్టించడం.

రెండోది వింటే మీకూ గుండె ఆగుతుంది. రెగ్యులేటర్ 110 దగ్గర ఉన్నప్పుడు 200 నుంచి 110 దాకా, అంటే 90 బార్ల గాలి వాడుకోవచ్చు. 150కి పెంచితే మిగిలేది 50 బార్లే, పైగా బిగించిన హ్యామర్ ప్రతి దెబ్బకీ గాలిని దుబారా చేస్తుంది. అరవై దెబ్బలు వచ్చే సిలిండర్ పాతికకే చేతులెత్తేసింది. మే నెల ఎండలో చేతిపంపుతో వందల సార్లు కొట్టలేక వాడు కనిపెట్టిన ఉపాయం ఏంటో తెలుసా? "వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది గదన్నా, దానికి పైపు పెట్టుకుంటే పని తప్పుతాది." ఒరేయ్! ఆ గన్ను లోపల వాషర్లకీ రింగులకీ గ్రీజు ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ గ్రీజుని తాకితే నిప్పు అక్కర్లేకుండానే అంటుకుంటుంది, సిలిండర్ మొహం మీద పేలుతుంది. బాంబుల ఊరు అని నవ్వేవాళ్ళకి కొత్త కథ దొరికేది. ఇది చదివేవాళ్ళలో ఒక్కరికైనా ఈ ఆలోచన వచ్చి ఉంటే, దయచేసి ఇప్పుడే మానుకోండి. పీసీపీలోకి వెళ్ళాల్సింది పొడిగాలి మాత్రమే.

సరే, ఆదివారం పొద్దున్నే కూర్చున్నాం. ముందు గాలంతా వదిలేశాం. (గాలి ఉండగా విప్పబోయాడు, ఆ సంగతి మా పిన్నికి చెప్పలేదు.) రెగ్యులేటర్ని మళ్ళీ 110కి తెచ్చాం. హ్యామర్ స్ప్రింగు పూర్తిగా వదులు చేసి, కొంచెం కొంచెం బిగిస్తూ ప్రతి మెట్టుకీ ఐదు దెబ్బలు కొట్టి కాగితం మీద రాసుకున్నాం. 780, 820, 850, 870, 878, 880, 880... అక్కడ నిలిచిపోయింది. ఇంక ఎంత బిగించినా వేగం పెరగదు, గాలి మాత్రం పోతుంది. ఆ శిఖరం నుంచి ఒక మూడు శాతం కిందికి దిగి 850 దగ్గర ఆపాం. అక్కడ దెబ్బకింత గాలి ఖర్చూ తగ్గుతుంది, తేడా కూడా తగ్గుతుంది. పద్దెనిమిది జౌళ్ళ పైచిలుకు, చట్టం లోపల. పది దెబ్బల్లో అన్నిటికన్నా ఎక్కువకీ అన్నిటికన్నా తక్కువకీ తేడా 11. రాత్రంతా వదిలేసి తెల్లారి మొదటి దెబ్బ కొట్టి చూశాం. రెగ్యులేటర్ సీటు దగ్గర గాలి ఊరి ఒత్తిడి పాకుతుంటే ఆ మొదటి దెబ్బ అబద్ధం చెబుతుంది. 852. పాకట్లేదు.

అప్పుడు ముప్పై మీటర్లలో అట్ట పెట్టి పది దెబ్బలు కొట్టమన్నాను. పదీ రూపాయి బిళ్ళ కింద దాగిపోయాయి. స్పీడు 936 అయినప్పుడు కొట్టిన అట్ట పక్కన పెట్టి చూపించా, దాని మీద చిల్లులు అరచేతంత మేర చెదిరిపోయి ఉన్నాయి. మావాడు రెండూ మార్చి మార్చి చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బాగుందన్నా... కానీ 850 అని చెప్తే నవ్వుతారు గదన్నా" అన్నాడు.

ఎలెన్ కీ తీసుకొచ్చేసి నంద్యాలలో మా ఇంటి బీరువాలో పెట్టాను. కాకపోతే ఆళ్ళగడ్డలో వాళ్ళింటికి మూడో ఇల్లే హార్డ్‌వేర్ షాపు.